విరిగిన పలక మీద క్లిక్కు రాబడి

గోగులపాడు పురపాలక సంఘానికి ఒక వెబ్‌సైటు ఉందన్న సంగతి, ఆ సర్క్యులరు వచ్చేదాకా పురపాలక సంఘానికే గుర్తులేదు. ఆరేళ్ల కిందట ఎవరో వచ్చి చేసిపెట్టి, బిల్లు పాసు చేయించుకుని వెళ్లిపోయాడు. అందులో ఊరి జనాభా, ఒక గులాబీ పువ్వు, అప్పటి కమిషనరు గారి ఫోటో ఉండేవి. ఆ తర్వాత నలుగురు కమిషనర్లు మారారు గాని ఫోటో మారలేదు. పాపం ఆయన రిటైరై మనవల్ని ఆడించుకుంటున్నా, గోగులపాడులో మాత్రం ఇంకా చిరునవ్వుతో ప్రజలకు స్వాగతం చెబుతూనే ఉన్నారు.

అక్టోబరులో పై ఆఫీసు నుంచి సర్క్యులరు దిగింది.

"ప్రతి పురపాలక సంఘము తన వెబ్‌సైటును కేవలము సమాచార సాధనముగా గాక ఆదాయ వనరుగా గుర్తెరిగి, సందర్భానుసార ప్రకటనల ద్వారా క్లిక్కు ఒక్కింటికి లభించు రాబడిని ఆర్థిక సంవత్సరాంతమునకు మునుపే జమ చూపవలెను. జమ చూపని సంఘముల విషయము తీవ్రముగా పరిగణింపబడును."

కమిషనరు భీమేశ్వరరావు గారు దాన్ని మూడుసార్లు చదివారు. 'తీవ్రముగా పరిగణింపబడును' అన్నచోట తప్ప మిగతా ఎక్కడా ఆయనకు అర్థం కాలేదు. ఆ ఒక్క ముక్క అర్థమైతే చాలు కాబట్టి వెంటనే బెల్లు కొట్టి పరంధామయ్యను పిలిపించారు.

పరంధామయ్య ప్రజా సంబంధాల సీటులో సీనియర్ అసిస్టెంటు. ఊళ్లో కుళాయిలు రాకపోయినా, కుక్కల్ని పట్టాలన్నా, పన్ను కట్టమని జనాన్ని బతిమాలాలన్నా ఆ నోటీసు ఆయన చేతిమీదుగానే వెలువడాలి. ఆయన ఉద్దేశంలో తాను దారి తప్పి ఆఫీసులో పడ్డ సాహితీవేత్త. వ్యాసాల పుస్తకం ఒకటి సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. ఐదు వందల ప్రతుల్లో నూట పది పంచాడు. మిగతావి మంచం కింద ఉన్నాయి. మంచం కోళ్లు విరిగినా కింద పడే భయం లేదని ఆయన భార్య వచ్చినవాళ్లకి చెబుతుండేది. పంచిన నూట పదిలో ఒక్కరైనా చదివారా అన్న ప్రశ్న పరంధామయ్య ఎవర్నీ అడగలేదు. అడిగితే చెబుతారేమోనని భయం.

"ఏమయ్యా పరంధామయ్యా, ఈ సందర్భానుసార ప్రకటనలంటే ఏమిటి?" అన్నారు కమిషనరు గారు.

"సందర్భాన్ని అనుసరించి వచ్చే ప్రకటనలండి" అన్నాడు పరంధామయ్య.

కమిషనరు గారు సర్క్యులరును ఇంకోసారి తిరగేసి చూశారు. తర్వాత కంప్యూటరు ఆపరేటరు హసీనాకి కబురు వెళ్లింది.

హసీనా కాంట్రాక్టు ఉద్యోగి. ఏడాదికోసారి ఆమె ఉద్యోగం పోయి మళ్లీ వస్తూ ఉంటుంది. అందుచేత ఆఫీసులో దేనికీ ఆశ్చర్యపడేది కాదు. సర్క్యులరు ఒక్కసారి చూసి నిదానంగా చెప్పింది.

"మన పేజీలో కొంచెం జాగా ప్రకటనల కంపెనీకి ఇస్తాం సార్. వాళ్ల మిషను మన పేజీలో ఉన్న మాటలన్నీ చదువుతుంది. దోమలు అని ఉంటే దోమతెరల ప్రకటన పెడుతుంది. పెళ్లి అని ఉంటే కల్యాణ మండపం ప్రకటన పెడుతుంది. పేజీ చూసేవాళ్లు ఎవరైనా ఆ ప్రకటన మీద నొక్కితే మనకి కొంత పడుతుంది. వంద డాలర్లు నిండాకే డబ్బు పంపిస్తారు."

"మాటలన్నీ చదువుతుందా?" అన్నాడు పరంధామయ్య.

"ప్రతి మాటా చదువుతుంది సార్."

పరంధామయ్య చొక్కా సర్దుకున్నాడు. తన నోటీసును మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివే ప్రాణి ఒకటి ఈ భూమ్మీద ఉందన్నమాట. అది ప్రాణి కాదన్న సంగతి ఆయనకు పెద్ద విషయంగా తోచలేదు.

మొదటి నెల రాబడి పదకొండు సెంట్లు. పదకొండు సెంట్లను ఏ పద్దు కింద చూపాలో తెలియక అకౌంట్సు సెక్షను వాళ్లు పై ఆఫీసుకి రాశారు. అక్కణ్ణుంచి "వృద్ధి చేయవలెను" అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది.

ఎలా వృద్ధి చేయాలని కమిషనరు గారు అడిగితే, కొన్ని మాటలకి ఎక్కువ డబ్బులొస్తాయని హసీనా చెప్పింది. గృహరుణం, జీవిత బీమా, మోకాలి ఆపరేషను, లాయరు, ఇలాంటివి.

"అయితే ఇకనుంచి మన నోటీసుల్లో అవే వాడండి" అన్నారు కమిషనరు గారు.

పరంధామయ్య రెండు రోజులు కూర్చుని కొత్త శైలి సాధించాడు. ఆ వారం వెలువడిన నోటీసు ఇది:

"పైపులైను మరమ్మతుల దృష్ట్యా రేపు నీటి సరఫరా నిలిపివేయబడును. పౌరులు దూరము నుండి బిందెలు మోయునపుడు మోకాలి ఆపరేషను అవసరము కలుగకుండ జాగ్రత్త వహించవలెను. జీవిత బీమా గలవారు నిశ్చింతగా మోయవచ్చును. గృహరుణముతో ఇల్లు కట్టుకొనియు కుళాయి కనెక్షను తీసుకొననివారు లాయరును సంప్రదించి లాభము లేదు, ఈ కార్యాలయమునే సంప్రదించవలెను."

మర్నాడు ఆఫీసు ముందు పదిహేనుమంది ముసలివాళ్లు వరస కట్టారు. మోకాళ్లు ఇక్కడే మారుస్తారని ఎవరో చెప్పారట. వాళ్లకి సర్దిచెప్పి పంపేసరికి మధ్యాహ్నమైంది. అయినా ఆ నెల రాబడి రెండు డాలర్లు దాటింది. కమిషనరు గారు పరంధామయ్య భుజం తట్టారు. పాతికేళ్ల సర్వీసులో ఆ భుజానికి అదే మొదటిసారి.

ఆ రోజుల్లోనే నూకరత్నం వచ్చింది.

నూకరత్నం చేపల మార్కెట్టు వీధి మొదట్లో ఇడ్లీ బండి పెట్టుకున్న మనిషి. భర్త లేడు. చెల్లెలు పోతే, చెల్లెలి కూతుర్ని తెచ్చుకుని ఇంటరు చదివిస్తోంది. ఆమె బండి ముందున్న మురుగుకాలువ మీద సిమెంటు పలక నాలుగు నెలల కిందట లారీ ఎక్కి విరిగింది. కాలువ పూడిపోయి మురుగు పైకి తన్నుతోంది. ఆ వాసనకి జనం దూరం నుంచే ముక్కు మూసుకుని వెళ్లిపోతున్నారు.

"నాలుగు అర్జీలిచ్చానండి. ఒక్కటికీ పలుకు లేదండి. రోజుకి రెండొందల ఇడ్లీ పోయేదండి, ఇప్పుడు అరవై కూడా పోవడం లేదు. మీరు పెద్దపెద్ద మాటల్తో రాత్తారంట గదండి, నాది కూడా కాస్త రాసిపెట్టండి బాబుగారూ" అంది.

పరంధామయ్యకు ఆ మాటతో ఒళ్లు పులకరించింది. ఒక పాఠకురాలు, అందులోనూ రచన చేసిపెట్టమని అడగడం. వెంటనే కాగితం తీసుకుని చేపల మార్కెట్టుకు వెళ్లాడు. పలకను నాలుగు వైపుల నుంచీ చూశాడు. ముక్కుకు రుమాలు కట్టుకుని అరగంట నిలబడ్డాడు. తిరిగొచ్చి, వెబ్‌సైటులో ఫిర్యాదుల పేజీ కింద "ఒక పలక విరిగిన వైనం" అని మొదటి భాగం రాశాడు. అందులో పలక విరిగినప్పటి చప్పుడు, మురుగు రంగు, దాని మీద తేలే అరటితొక్క, దోమల గుంపు, నూకరత్నం చల్లారిన ఇడ్లీ కేసి చూసే చూపు, అన్నీ ఉన్నాయి. నిజానికి అది ఆయన జీవితంలో రాసిన వాటిలో చదవదగ్గ మొదటి రచన. కారణం, ఎదురుగా ఉన్నది చూసి రాయడం ఆయనకి అదే మొదలు.

వారం తిరిగేసరికి తొమ్మిదివేల మంది చదివారు. ఇళ్ల పన్ను నోటీసుని తొమ్మిది మంది చదివితే గొప్ప. హసీనా లెక్కలు తీసి చూపించింది. పేజీకి రెండు వైపులా ప్రకటనలు బారులు తీరాయి. ఫినాయిలు, దోమతెరలు, గదిలో చల్లే సువాసన సీసాలు, కాలువలు శుభ్రం చేసేవాళ్లు, జ్వరాల బీమా. జనం పలక కథ చదవడం, ముక్కు చిట్లించుకోవడం, ఫినాయిలు మీద నొక్కడం. రాబడి పదిహేడు డాలర్లు.

కమిషనరు గారు స్టాఫు మీటింగు పెట్టారు.

"రెండో భాగం ఎప్పుడు?" అని అడిగారు.

మీటింగు మధ్యలో అసిస్టెంటు ఇంజనీరు దివాకరం లేచి, చేపల మార్కెట్టు పలకకి ఎస్టిమేటు మంజూరైందని, కొత్త పలక ట్రాక్టరు మీద బయల్దేరిందని చెప్పాడు. అందరూ కమిషనరు గారి వైపు చూశారు.

"ఎవరు వెయ్యమన్నారు?" అన్నారు కమిషనరు గారు.

"అర్జీ ఉందండి. నాలుగు అర్జీలున్నాయి."

"అర్జీలుంటే? పలక వేసేస్తే ఫిర్యాదు ముగిసిపోతుంది. ఫిర్యాదు ముగిస్తే పేజీ తీసెయ్యాలి. పేజీ తీసేస్తే సంఘానికి కలిగే ఆదాయ నష్టం మీ జీతంలో పట్టుకోమంటారా?"

దివాకరం కూర్చున్నాడు. ట్రాక్టరు సగం దారిలో వెనక్కి తిరిగింది. సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది. "చేపల మార్కెట్టు వీధి యందలి విరిగిన పలకను సంఘపు ఆదాయ వనరుగా గుర్తించి, దాని ప్రస్తుత స్థితికి ఎట్టి భంగము వాటిల్లకుండ సంరక్షించవలసినదిగా ఇందుమూలముగా ఆదేశించడమైనది." ఆ ఉత్తర్వు డ్రాఫ్టు చేసింది పరంధామయ్యే.

ఇక్కడ ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. ట్రాక్టరు వెనక్కి తిరిగిందని విన్నప్పుడు పరంధామయ్యకు బాధ కలగవలసింది. కలిగింది కూడా. అయితే దానికంటే ఒక క్షణం ముందు, రెండో భాగం రాయొచ్చన్న సంతోషం కలిగింది. ఆ క్షణాన్ని ఆయన ఎవరికీ చెప్పలేదు. బస్సులో ఇంటికి వెళ్తూ, సమాజం దృష్టికి సమస్యను తీసుకెళ్లడం కూడా సేవేనని తనకి తానే ఒక చిన్న ఉపన్యాసం ఇచ్చుకున్నాడు. బాగానే ఉందనిపించింది.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో మరో తొమ్మిది భాగాలు వచ్చాయి. పలకను ఎవరూ బాగు చెయ్యకుండా చూడడానికి సింహాద్రి అనే వాచ్‌మన్‌ను అక్కడ వేశారు. సింహాద్రి విజిలు మెళ్లో వేసుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మురుగు పక్కన కుర్చీలో కూర్చునేవాడు. ఎవరైనా ఇటుకముక్క తెచ్చి సందులో పెట్టబోతే విజిలు ఊదేవాడు. పక్క ఊరి మునిసిపాలిటీ వాళ్లు అధ్యయన నిమిత్తం వ్యానులో వచ్చి, పలకను కొలిచి, ఫోటోలు తీసుకుని, "మా దగ్గర ఇంత మంచిది లేదండి, మేమే ఒకటి తయారుచేసుకోవాలి" అని అసూయగా చెప్పి వెళ్లారు.

పరంధామయ్యను వీధిలో జనం గుర్తుపట్టడం మొదలెట్టారు. బార్బరు షాపులో ఒకాయన లేచి కుర్చీ ఇచ్చాడు. "మురుగు గారు కూర్చోండి" అన్నాడు. పేరు అలా స్థిరపడింది. పరంధామయ్య దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు.

మార్చి మొదటి వారంలో నూకరత్నం రుబ్బిన పిండి గిన్నె ఎత్తుకుని వస్తూ, పలక అంచు మీద కాలు జారి పడింది. పిండి కాలువలో పోయింది. కుడి మణికట్టు విరిగింది. సింహాద్రి విజిలు ఊదడం తప్ప ఇంకేం చెయ్యాలో తోచక, గట్టిగా ఊదాడట.

మూడో రోజున చెయ్యి మెడకి కట్టుకుని ఆమె ఆఫీసుకి వచ్చింది. పక్కన మేనకోడలు ఉంది.

"బాబుగారూ, మీరు రాసేదంతా ఊరంతా చదువుతుందంటండి. మరి పలకెప్పుడు వేత్తారండి?" అంది నెమ్మదిగా. ఆ అడగడంలో కోపం లేదు. కోపం ఉంటే పరంధామయ్యకు సులువుగా ఉండేది.

"వేస్తారమ్మా. ఫైలు నడుస్తోంది" అన్నాడు ఆయన బల్లకేసి చూస్తూ.

లోపలి నుంచి కమిషనరు గారు వచ్చారు. చేతికట్టు చూశారు. నిజంగానే ఆయన ముఖం జాలిగా మారింది.

"అయ్యో, ఎంత పనైంది. హసీనా, ఆ కట్టు సరిగా కనబడేట్టు ఫోటో తియ్యమ్మా. ఎముకల ఆస్పత్రుల వాళ్ల ప్రకటనలకి రేటెక్కువని నువ్వే చెప్పావు కదా."

హసీనా ఫోను బయటికి తియ్యలేదు. "నా ఫోనులో చార్జింగు లేదు సార్" అంది. అది అబద్ధమని ఆఫీసువాళ్లు ముగ్గురికీ తెలుసు. ఫోటో పరంధామయ్యే తీశాడు.

పదకొండో భాగం ఆయన రచనల్లో తలమానికం. పద్నాలుగు వేల మంది చదివారు. కొందరు ఏడ్చామని రాశారు. ఆ ఉత్తరాలు ఆయన భార్యకు చదివి వినిపించాడు. ఆవిడ అంతా విని, "ఆ ఇడ్లీ బండి ఆవిడకి చెయ్యి బాగుపడిందా?" అని అడిగింది. పరంధామయ్య ఆ సంగతి కనుక్కోనేలేదు. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఏడ్చామని రాసిన ఉత్తరాన్ని మాత్రం ఇంకోసారి చదువుకున్నాడు.

మార్చి ఇరవై నాటికి తెర మీద తొంభై ఆరు డాలర్ల నలభై సెంట్లు కనబడుతోంది. నూరు నిండితేగాని డబ్బు రాదు. డబ్బు వస్తేగాని జమ చూపలేరు. నెలాఖరు దగ్గరపడుతోంది. కమిషనరు గారు క్లిక్కు విధుల ఉత్తర్వు జారీ చేశారు. ప్రతి ఉద్యోగి రోజుకి ఇరవైసార్లు, పారిశుద్ధ్య కార్మికులు పదేసిసార్లు ప్రకటనల మీద నొక్కాలి. నొక్కినట్టు రిజిస్టరులో సంతకం చెయ్యాలి. నొక్కనివారికి ఆ పూట సెలవు వేస్తారు.

"సొంతవాళ్లు నొక్కకూడదని కంపెనీ నిబంధన ఉంది సార్. వాళ్లకి తెలిసిపోతుంది" అంది హసీనా.

"వాళ్లది కంపెనీ, మనది ప్రభుత్వం. వాళ్ల నిబంధన మనకెట్లా వర్తిస్తుంది?" అన్నారు కమిషనరు గారు.

వారం రోజులు ఆఫీసులో ఇంకో పని జరగలేదు. జనన ధ్రువపత్రానికి వచ్చినవాళ్లని కూడా ముందు ఒక నొక్కు నొక్కి రమ్మన్నారు. రోడ్లు ఊడ్చేవాళ్లు చీపుర్లు పక్కనపెట్టి, చెట్టు నీడన కూర్చుని, ఒకే ఫోనుని చేతులు మార్చుకుంటూ నొక్కారు. ఇరవై ఏడో తారీకు పొద్దున్న పదకొండు గంటలకి నూరు దాటింది. ఆఫీసులో అందరికీ మైసూర్‌పాకు పంచారు. మూడు గంటలకి తెర మీద సున్నా కనబడింది. దాని కింద ఒక సందేశం: చెల్లని క్లిక్కుల కారణంగా మీ ఖాతా శాశ్వతంగా మూసివేయబడింది. నిల్వ మొత్తం రద్దయింది.

కమిషనరు గారు కళ్లజోడు తుడుచుకుని చూశారు.

"ఇది ఎవరు పంపారు?"

"నో రిప్లై అని ఉంది సార్" అంది హసీనా.

"నోరిప్లై ఎవరు? ఇటలీ మనిషా?"

"మనిషి కాదు సార్. దీనికి జవాబు రాయొద్దని అర్థం."

"జవాబు రాయొద్దని మనకి చెప్పే అధికారం అతనికి ఎవరిచ్చారు?" అని కమిషనరు గారు పరంధామయ్యను కూర్చోబెట్టి డిక్టేషను ఇచ్చారు. "శ్రీయుత నోరిప్లై గారికి. మీరు సంఘము యొక్క ఖాతాను ఎట్టి ముందస్తు నోటీసు లేకుండ మూసివేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకొనకూడదో మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను." అది పంపిన మరుక్షణమే వెనక్కి వచ్చింది. రెండోసారి పంపారు. మళ్లీ వచ్చింది. మూడోసారి రిజిస్టరు పోస్టులో పంపుదామంటే చిరునామా లేదు.

కమిషనరు గారు కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు ఆలోచించారు. ఆయన ముఖంలో కోపం పోయి, క్రమంగా గౌరవం లాంటిది కనిపించింది.

"ముప్పయ్యేళ్లు సర్వీసు చేశానయ్యా. ఉత్తర్వులు బయటికి పంపుతూ, లోపలికి మాత్రం ఒక్క కాగితం కూడా తీసుకోని సీటు నేను ఎక్కడా చూడలేదు. మన దగ్గర అలాంటిదొకటి పెట్టడానికి ప్రతిపాదన రాయండి" అన్నారు.

మార్చి ముప్పై ఒకటిన, సోమవారం, సింహాద్రి పరిగెత్తుకుంటూ వచ్చాడు. పలక బాగైపోయిందన్నాడు.

"నిన్న మధ్యాన్నం అన్నానికెళ్లొచ్చేసరికి నలుగురు మనుషులు, ఒక వేనూ ఉన్నాయండి. నీలం చొక్కాలేసుకున్నారండి. ఆఫీసోళ్లే అనుకున్నానండి. కాలవంతా తోడేసి, కొత్త పలకేసి, కడిగేసి మరీ ఎల్లిపోయారు. ఆళ్లు పనిచేసిన తీరు చూసి అప్పుడే అనుమానించాల్సిందండి నేను."

విచారణ జరిగింది. నీలం చొక్కాలవాళ్లు కాలువలు శుభ్రం చేసే ఒక ప్రైవేటు సంస్థ వాళ్లు. వాళ్లని పిలిపించింది నూకరత్నం. మేనకోడలి ఫోనులో తన పేజీ చూస్తుంటే, పరంధామయ్య రాసినదాని పక్కన వాళ్ల ప్రకటన కనబడింది. నొక్కింది. నంబరు వచ్చింది. ఫోను చేసింది. వాళ్లు ఆదివారం వస్తామన్నారు, వచ్చారు. చీటీపాట డబ్బు రెండువేల ఆరువందలు ఇచ్చింది. ఆ వారం ఆ పేజీ మీద పడ్డ నొక్కులన్నిట్లో, అవసరం ఉండి నొక్కింది ఈమె ఒక్కతే అయి ఉంటుందని హసీనా అంది.

కమిషనరు గారు ఆమెకు నోటీసు ఇప్పించారు. పురపాలక ఆస్తిని అనుమతి లేకుండా బాగుచేసి, సంఘపు ఆదాయ వనరును నాశనం చేసినందుకు. డ్రాఫ్టు మళ్లీ పరంధామయ్యదే. ఈసారి మాత్రం ఆయన కలం రెండుచోట్ల ఆగింది. ఆగి, మళ్లీ నడిచింది. నోటీసు ఆమెకు అందిన రోజే పై ఆఫీసుకి వార్షిక నివేదిక వెళ్లాలి. రాబడి సున్నా. "తీవ్రముగా పరిగణింపబడును" అన్న ముక్క కమిషనరు గారి కళ్ల ముందు కదిలింది.

"ఏదో ఒకటి రాయవయ్యా. నీ చేతిలో శక్తి ఉంది" అన్నారు ఆయన దాదాపు వేడుకుంటూ.

పరంధామయ్య రాశాడు. రాబడి ఊసెత్తలేదు. సందర్భానుసార ప్రకటనల సహాయంతో ఒక పౌరురాలు, సంఘంపై ఒక్క పైసా భారం లేకుండా, తన ఫిర్యాదును తానే పరిష్కరించుకున్న వైనం రాశాడు. పై ఆఫీసు వాళ్లు దాన్ని అన్ని నివేదికల కంటే ముందు చదివారు, అన్నిటికంటే ఎక్కువ నమ్మారు. ఏప్రిల్ రెండో వారంలో కొత్త సర్క్యులరు వచ్చింది. "గోగులపాడు నమూనాను అనుసరించి, ఇకపై ఫిర్యాదులపై చర్య తీసుకొను పద్ధతికి స్వస్తి పలికి, ఫిర్యాదుదారు ఎదుట తగు ప్రకటన ఉంచి, అతడే చర్య తీసుకొనునట్లు ప్రోత్సహించవలెను." నూకరత్నానికి ఇచ్చిన నోటీసు రద్దు చేసి, దాని స్థానంలో ప్రశంసాపత్రం పంపారు. కమిషనరు గారికి శాలువా కప్పారు. పరంధామయ్యకూ కప్పారు. హసీనా కాంట్రాక్టు మాత్రం నెలాఖరుకి ముగిసింది. ఆమె చేరింది ఆ నీలం చొక్కాల సంస్థలోనే. ఫోన్లు ఎత్తే ఉద్యోగం. పని బాగా ఎక్కువగా ఉందట.

నూకరత్నం తన రెండువేల ఆరువందలు ఇప్పించమని ఒక అర్జీ ఇచ్చింది. ప్రకటనల ఖాతాకి జమ పద్దు ఉంది గాని చెల్లింపు పద్దు లేదని అకౌంట్సు వాళ్లు తేల్చారు.

ఆ మర్నాడు పొద్దున్న పరంధామయ్య చేపల మార్కెట్టు వీధికి వెళ్లాడు. కాలువ దగ్గర వాసన లేదు. బండి చుట్టూ జనం ఉన్నారు. మేనకోడలు ఇడ్లీ తీస్తోంది, నూకరత్నం ఎడమ చేత్తో పచ్చడి వేస్తోంది. ఆయన్ని చూసి పలకరింపుగా నవ్వి, ప్లేటు అందించింది. ఆయన తిన్నాడు. ఆ వీధిలో ఇన్నిసార్లు తిరిగి, ఆ ఇడ్లీని పదకొండు భాగాల్లో వర్ణించి, దాన్ని తినడం అదే మొదలని అప్పుడు గమనించాడు.

జేబులోంచి ఒక కవరు తీశాడు. "పలక డబ్బమ్మా. ఉంచు" అన్నాడు.

"మీరెందుకిత్తారండి? ఇరగ్గొట్టింది లారీవోడు, వెయ్యాల్సింది ఆఫీసు. మజ్జిలో మీరేం చేశారండి?" అంది ఆమె. నిజంగా తెలియక అడిగినట్టే ఉంది.

పరంధామయ్య కవరు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. అక్కడితో ఊరుకుని ఇంటికి వెళ్లిపోతే బాగుండేది. కాని ముప్పయ్యేళ్లుగా రాస్తున్న మనిషి కదా, ఆ ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది.

"నేను రాసినవి చదివావా అమ్మా?"

"ఆయ్, మా పిల్ల చదివి ఇనిపించిందండి. పదకొండూ ఇన్నాను. బాగా రాశారండి. పిండి ఒలికిపోయినకాడ నాకే ఏడుపొచ్చింది" అంది నూకరత్నం. మళ్లీ గరిటె పచ్చడిలో ముంచుతూ, ఫిర్యాదు చేస్తున్నట్టు కాకుండా, మంచి సలహా ఇస్తున్నట్టు అంది. "కానండి, ఇంత రాశారు గదా, ఎవరికి ఫోన్ చేత్తే ఆ పలకేత్తారో ఎక్కడా రాయలేదండి మీరు. ఎతికెతికి చూశాం. ఆ పక్కన సిన్న అచ్చరాల్తో ఆళ్లు రాశారండి."

"రాయలేదమ్మా" అన్నాడు పరంధామయ్య.

నూకరత్నం ఆయన ప్లేటులో ఇంకాస్త పచ్చడి వేసి, వెనకాల నిలబడ్డవాళ్ల వైపు తిరిగింది.